ద్వాదశి నాటి మజ్జిగ

మాంగో, జంషెడ్‌పూర్
8 జనవరి 2026, గురువారం

చిరంజీవి స్మితకు,

నీ పిన్ని అమ్మణ్ణి మనసారా దీవిస్తూ రాస్తున్నాను. మెట్రిక్ పరీక్ష రాశాక ఇన్ని కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోవటం నాకు ఇదే మొదలు. ఫోన్ ఉండగా ఉత్తరం దేనికని నువ్వు అడుగుతావు. ఫోన్ మీ బాబాయి దగ్గర ఉంటుంది. వర్క్‌షాపు చప్పుళ్లకి ఆయన చెవులు మందగించాక ప్రతి మాటా స్పీకర్లో పెట్టే వింటారు. ఆయనతో పాటు మేడ మీది వాళ్లూ వింటారు. నా గొంతు సంగతి నీకు తెలుసు. మీ అమ్మ పోయాక నాలుగేళ్లు మా ఇంట్లో ఉండి చదువుకున్నావు. నేను పిలిస్తే నా గొంతు పక్క గదిలోకి కూడా రాదని నవ్వేదానివి. మొన్న ఆదివారం నువ్వు ఉద్యోగానికి కొరాపుట్ బయలుదేరే ముందు, ఆసుపత్రి మెట్ల మీద రెండుసార్లు నోరు తెరిచాను. నువ్వు ఠాణాకి వెళ్లే తొందరలో ఉన్నావు. నోటితో రానిది చేత్తో వస్తుందేమోనని కలం పట్టాను.

ముందు మీ నాన్నగారి కబురు. నిన్న మూడోసారి రక్తం శుద్ధి చేశారు. కళ్లలో పసుపు కొంచెం తగ్గింది. మూత్రం ఇంకా చాలినంత రావటం లేదు. సాయంత్రం మీ బాబాయిని దగ్గరికి పిలిచి, "మంచం కింద నా సెప్పులున్నాయేటో సూడు, ఎవుడో పట్టుకుపోతాడు" అన్నారట. చెప్పుల మీదికి ధ్యాస వచ్చిందంటే మనిషి ఇటు తిరిగినట్టే అనుకుంటున్నాను. కలకత్తా పంపిన రక్తపరీక్ష ఇంకా రాలేదు.

ఇప్పుడు అమర్ మహతో సంగతి. నువ్వు ఠాణాలో ఫిర్యాదు కాగితం రాసిచ్చిన దగ్గర్నుంచి అతన్ని రోజూ పొద్దున్నే రమ్మంటున్నారు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెడుతున్నారట. మందు కొట్టే పంపునీ, నీలం పొడి డబ్బానీ తీసుకుపోయారు. పటమ్‌దా రోడ్డులో మన జాగా పక్కన అతని చేను నీకు తెలుసు. మనం ఇల్లు కడదామని కొని, ఈలోపు బంగాళాదుంప వేసుకుంటున్నాం. అతనికి ఆ చేనే తిండి. వారం నుంచి పొగమంచు విడవటం లేదు. ఇక్కడి వాళ్లు ఝుల్సా అంటారే, ఆకు అంచున నూనె మరకలా మొదలై రెండు రోజుల్లో మొక్కంతా నల్లగా మాడిపోయే తెగులు, అది ఊరంతా దిగింది. ఈ రోజుల్లో మందు కొట్టకపోతే అతని చేను మిగలదు.

ఆ నీలం పొడి గురించి అతనితో నాకు మూడేళ్లుగా వాదమే. నా దుంపలు బిష్టుపూర్ రామమందిరం అన్నదానానికి ఇస్తానని మొక్కుకున్నాను గనుక వాటి మీద మందు పడనివ్వను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. విత్తనం దుంపల్ని తెగుళ్లని ఆపే ట్రైకోడెర్మా పొడి కలిపిన పేడ ఎరువులో దొర్లించి నాటాను. నేలకి తగిలే ఆకులు గిల్లేశాను. సాయంత్రం నీళ్లు మానేశాను. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచిన రసం వారం వారం చల్లాను. డిసెంబరు మొదట్లో రాగి చెంబు మజ్జిగ చల్లాను. అమర్ గట్టు మీద నిలబడి, "చాచీ, ఆలూ కో మఠా పిలా రహీ హో, రోటీ భీ ఖిలా దో" అనేవాడు. దుంపలకి మజ్జిగ తాగిస్తున్నారు, రొట్టె కూడా పెట్టండి అని. అయినా మన జాగాలో మచ్చలు పడ్డాయే గాని పాకలేదు. అది చూసి అతను కూడా నవ్వటం మానేశాడు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ముక్కోటి ఏకాదశి నాడు గుడి నుంచి మధ్యాహ్నం చేనికి వెళ్లాం. ఉపవాసం గనుక మీ నాన్నగారు నీళ్లు మాత్రం అడిగారు. అమర్ మందు కొట్టటం ఆపి, చేతులు కడుక్కుని, తన లోటాతో పంపు నీళ్లిచ్చాడు. మర్నాడు ఆయనకి వాంతులయ్యేసరికి, ఆ లోటాతోనే విషం కడుపులోకి పోయిందని మీ బాబాయి డాక్టరుకి చెప్పారు. డాక్టరు ఠాణాకి కబురు పంపాడు. కానీ తల్లీ, మీ నాన్నగారి తర్వాత అదే లోటాతో నేనూ తాగాను. నాకేమీ కాలేదు. ఈ మాట నన్నెవరూ అడగలేదు. మగవాళ్లు మాట్లాడుకుంటుంటే నేను చెప్పలేదు. ఆ కాగితం వెనక్కి తీసుకో.

ఇంకొకటి. ద్వాదశి తెల్లవారి పారణకి, చేనికని నేను పెట్టిన మజ్జిగే మీ నాన్నగారు తాగారు. రాగి చెంబులోది. విషానికి మజ్జిగ విరుగుడంటారు కదా. అది కడుపులో పడబట్టే ప్రాణం నిలిచిందేమో అనిపిస్తుంది. నువ్వేమంటావు?

అక్కడ చలి ఎక్కువని విన్నాను. చెవులకి గుడ్డ కట్టుకో.

నీ మేలు కోరే పిన్ని,
అమ్మణ్ణి


కొరాపుట్
13 జనవరి 2026

పిన్నికి,

నీ ఉత్తరం నిన్న అందింది. మొదటి మూడు పేజీలు చదువుతుంటే కోపమొచ్చింది. అమర్ మీద జాలితో రాశావనుకున్నాను. ఊళ్లో వాళ్లెవరో బెదిరించి రాయించారేమో అని కూడా అనుకున్నాను. ఎందుకంటే కలకత్తా రిపోర్టు శనివారమే వచ్చింది, బాబాయి ఫోటో తీసి పంపారు. నాన్న రక్తంలో రాగి ఉంది. మామూలుగా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. అమర్ కొట్టే నీలం పొడి రాగితో చేసిన మందే. ఇంకేం కావాలి, దొరికాడు అనుకున్నాను. ఆ రోజే ఠాణాకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను కూడా.

తర్వాత నాలుగో పేజీ చదివాను.

ఏ మజ్జిగ పిన్నీ? నేను చల్లమన్నదేనా? రాగి చెంబులో పదిహేను రోజులు పులియబెట్టినదేనా? ఎన్నాళ్లయింది దానికి? నీలంగా మారిందా, ఆకుపచ్చగా మారిందా? నాన్న ఎంత తాగారు? ఉద్ధరిణెడా, గ్లాసుడా?

పులుపు రాగిని తినేస్తుంది. మజ్జిగలో ఆకు తెగులుని ఆపేది ఆ కరిగిన రాగే. అమర్ డబ్బాలోదీ, నీ చెంబులోదీ ఆ లెక్కన ఒకటే. అతను కొలిచి కలుపుతాడు, మనం కొలవం. ఒకటికి ఇరవై నీళ్లు పోసి ఆకు మీద చల్లమని నీకు రాసింది నేనే. తాగకూడదని రాయలేదు. ఎవరైనా తాగుతారని నాకు తోచనే లేదు.

చదివిన వెంటనే ఫోన్ చేశాను. బాబాయి ఎత్తి, "మీ పిన్ని పూజలో ఉంది, ఏటి సంగతి" అన్నారు. స్పీకర్లో నా గొంతు నాకే వినిపిస్తోంది. ఏమీ లేదన్నాను. డాక్టరుతో విడిగా మాట్లాడాను. రాగి ఎక్కడిదైనా మందు ఒకటేనట, అది మొదలుపెట్టారు. వైద్యానికి లోటు రాదు.

నాకు ఒక్కటి చెప్పు. ఆ చెంబు నాన్న చేతికి ఎవరిచ్చారు? నువ్వే పారణకని ఇచ్చావా?

స్మిత


మాంగో
18 జనవరి 2026, ఆదివారం

అమ్మా స్మితా,

నీ ఉత్తరం పోస్టుమాన్ మీ బాబాయికి ఇచ్చాడు. ఆయన విప్పకుండా నా చేతికిచ్చి డ్యూటీకి వెళ్లారు. చదివి దేవుడి మూల ముందు కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడి, వాసనకి పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది.

నేను ఇవ్వలేదు. కానీ ఇచ్చినట్టే అయింది. ఎలాగో చెబుతాను, తొందరపడకుండా చదువు.

మాది ఇచ్ఛాపురం వైపు సంబంధం. అటు ఒడియా ఇళ్లల్లో లాగే మీ నాయనమ్మ కూడా ఒక కట్టుబాటు పెట్టింది. తమ్ముడి భార్య బావగారితో మాట్లాడకూడదు. ఆయన ఎదట పడకూడదు. ఆయన కూడా ఆమె ముఖం చూడకూడదు. పెళ్లయి ఇరవై ఏడేళ్లు. నేను మీ నాన్నగారితో ఒక్క మాట మాట్లాడలేదు. చక్రధర్‌పూర్ నుంచి ఆయన వచ్చినప్పుడల్లా ఏం పెట్టినా, గడప దగ్గరో పీట మీదో పెట్టి, తెల్ల గుడ్డ కప్పి వెళ్లిపోతాను. ఆయన వచ్చి గుడ్డ తీసి తింటారు. కాఫీ అయినా, మాత్రలయినా అంతే. అది ఏమిటని ఆయన అడగరు, నేను చెప్పను. చిన్నప్పుడు నువ్వు చూసి, "మీరిద్దరూ పోస్టాఫీసు ఆట ఆడుతున్నారా" అనేదానివి.

రెండోసారి చల్లటానికి డిసెంబరు పన్నెండున మజ్జిగ పోశాను. ఇంట్లో రాగిది పాత పూజ చెంబు ఒక్కటే. వంటింట్లో పెడితే పిల్లి దొర్లిస్తుంది, అరుగు మీద పెడితే ఎవరైనా ముట్టుకుంటారు. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోని చోటు దేవుడి మూలే కదా. అక్కడ పీట మీద పెట్టాను. పురుగు పడకుండా గుడ్డ కప్పాను. తెల్ల గుడ్డ.

మీ నాన్నగారు వచ్చిన రోజే మీ బాబాయికి చెప్పాను. ఆ చెంబు చేనిది, బావగారికి చెప్పండి అని. ఆయన టీవీ చూస్తూ సరేనన్నారు. వినలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ద్వాదశి నాడు మీ నాన్నగారు నా కంటే ముందు లేచి స్నానం చేశారు. నేను పారణకి వంట మొదలుపెట్టి, వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఆయన దేవుడికి దండం పెట్టి, పీట మీద గుడ్డ తీశారు. ఆయనకి ఒక కన్ను శుక్లం తీశారు, రెండోది ఇంకా మసకే. దీపం వెలుగు తప్ప ఇంకో వెలుగు లేదు. చెంబు ఎత్తారు.

నేను చూశాను స్మితా. అది చేనిదని నాకు తెలుసు. విషమని తెలియదు, ఒట్టు. పులిసిపోయింది, కడుపులో నొప్పి వస్తుందని మాత్రం తోచింది. వద్దు అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. మీ బాబాయి కోసం చూశాను, ఆయన స్నానాల గదిలో ఉన్నారు. వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్లి, "అది తాగేది కాదు, అది చేనిది" అని పొయ్యితో చెప్పాను. మళ్లీ వచ్చేసరికి ఆయన చెంబు కింద పెట్టి మీసం తుడుచుకుంటున్నారు. సగం పైగా తాగేశారు.

గంటలోపు వాంతులు మొదలయ్యాయి. నీలంగా, ఆకుపచ్చగా. మీ బాబాయి ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లాక నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. మిగిలిన మజ్జిగ మురుగులో పారబోశాను. చెంబుని చింతపండుతో తోమాను. అద్దంలా మెరిసేదాకా తోమాను. ఎందుకు తోముతున్నానో నన్ను నేను అడగలేదు. మర్నాడు ఠాణా వాళ్లు వచ్చి ఇల్లంతా చూశారు. చెంబు దేవుడి ముందు మెరుస్తూ ఉంది. వాళ్లు దానికి దండం పెట్టి వెళ్లారు.

మజ్జిగ ప్రాణం కాపాడిందేమో అని రాశాను చూడు, ఆ మాట నేను నమ్మి రాయలేదు. లోపల ఒక మూల భయం ఉంది. నువ్వు చదువుకున్న దానివి, కాదు పిన్నీ అంటావో అవును అంటావో తెలుసుకోవాలని రాశాను. తెలిసింది.

విషం వాడకూడదని మొక్కిన దాన్ని. అమర్ మందు కొడితే పాపమని అన్నదాన్ని. ఇప్పుడు అతను ఠాణా బల్ల మీద ఉన్నాడు, నేను తులసి కోట దగ్గర ఉన్నాను. నిన్న చేనికి వెళ్లాను. అతని చేను సగం నల్లబడింది. అతని భార్య గట్టు మీద ఉంది, నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఠాణాకి వెళ్లాలి. నువ్వు సరేనన్నావంటే నాకు ధైర్యం వస్తుంది. వెంటనే రాయి.

మీ నాన్నగారికి మూత్రం బాగా వస్తోంది. రక్తశుద్ధి ఇక అక్కర్లేదేమో అంటున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను.

తలవంచుకుని,
పిన్ని


కొరాపుట్
24 జనవరి 2026

పిన్నికి,

ఒక్క మాట అనలేకపోయావా? ఎదురుగా ఉండి, చూస్తూ ఉండి? ఇలా రాయకూడదని మూడు రోజులు ఆగాను. ఆగినా అదే వస్తోంది. నువ్వు నన్ను పెంచావు. నాకు జ్వరం వస్తే మా నాన్న కంటే ముందు నీకు తెలిసేది. ఆ నువ్వే గుమ్మంలో నిలబడి చూశావు.

సరే, నా వంతు కూడా విను. ఈ మజ్జిగ మందు నీకొక్కదానికే చెప్పలేదు. మా సంస్థ తరఫున ఇక్కడి కొండ ఊళ్లలో నలభై ఇళ్లకి నేర్పాను. కరపత్రం అచ్చు వేశాం, కింద నా పేరుంది. అందులో పెద్ద అక్షరాలతో "విషం లేనిది, ఇంట్లో దొరికేది" అని ఉంది. నీ ఉత్తరం అందిన రోజు నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒక ఇంట్లో ముసలమ్మ రాగి బిందెలో మజ్జిగ పోసి పొయ్యి పక్కన పెట్టింది. పక్కనే పసివాడు గరిటెతో ఆడుకుంటున్నాడు. నేను ఆ బిందె ఎత్తి బయట పారబోస్తే, చేతబడి చేస్తున్నాననుకుని నన్ను తిట్టింది. తిట్టనీ అనుకున్నాను. బయటికి వచ్చి రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఇప్పటికి ముప్పై ఒక్క ఇళ్లు అయ్యాయి. ప్రతి ఇంట్లో తాగకూడదని చెప్పి, వేరే డబ్బాలో పెట్టించి, మూత మీద ఎర్ర రంగు పూయించాను. వెల్లుల్లి రసం, విత్తన శుద్ధి, అవి సరిపోయిన చోట ఇది మానేయమన్నాను.

ఇది నేను సరిచేసుకుంటాను. కానీ ఠాణాకి మాత్రం వెళ్లకు పిన్నీ. నువ్వు వెళితే మొదటి ప్రశ్న, ఎవరు నేర్పారు అంటారు. నా పేరు వస్తుంది. కరపత్రం వస్తుంది. నా ఉద్యోగం పోవటం ఒకటి. తన కూతురు చెప్పిన మందే తన కడుపులోకి పోయిందని నాన్నకి తెలియటం ఇంకొకటి. అమర్ మీద సాక్ష్యం ఏమీ లేదు. నెల రోజుల్లో వాళ్లే వదిలేస్తారు. మనం ఏమీ అనకుండా ఉంటే చాలు. ఊరుకోవటం నీకు కొత్త కాదు కదా.

ఆ చివరి మాట కొట్టేయాలనిపించింది. కొట్టేస్తే ఇంకేదో రాశాననుకుంటావని ఉంచాను.

స్మిత


మాంగో
3 ఫిబ్రవరి 2026, మంగళవారం

బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు కొట్టేయకుండా ఉంచిన మాట మేలు చేసింది. అది చదివి రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజు చీర మార్చుకున్నాను.

ముందు మీ బాబాయికి చెప్పాను. ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని కూర్చున్నారు. "అన్న వచ్చిన రోజు నాకు సెప్పినావా?" అన్నారు. చెప్పానన్నాను. "ఇననేదే" అన్నారు. తిడతారనుకున్నాను. లేచి చొక్కా తొడుక్కుని, "పద, నానూ వత్తన్నా" అన్నారు.

ఠాణా వరండాలో జనం ఉన్నారు. అమర్ అదే బల్ల మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. రాసుకునే అతను తల ఎత్తకుండా, ఏం కావాలన్నాడు. చెప్పాను. అతను కలం ఆపి, "జోర్‌సే బోలియే మాతాజీ, సునాయీ నహీ దేతా" అన్నాడు, గట్టిగా చెప్పండి, వినపడటం లేదని. మళ్లీ చెప్పాను. మీ బాబాయి నా తరఫున మొదలుపెట్టబోతే అతను ఆపేశాడు, ఆమెనే చెప్పనివ్వండి అన్నాడు. మూడోసారి నా గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. బావగారు తాగింది నా చెంబులో మజ్జిగ, అది నేను చేసింది, నేను పెట్టింది, అమర్ ఇచ్చినవి మంచి నీళ్లు, ఆ లోటాతో నేనూ తాగాను అన్నాను.

ఎవరు నేర్పారని అడిగారు. చెంబు నాది, చేయి నాది అన్నాను. మళ్లీ అడిగారు. అదే చెప్పాను. అబద్ధం ఆడలేదు, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు. ఇన్నాళ్లూ నోరు రాక ఊరుకున్నాను. ఆ క్షణంలో మాత్రం నా అంతట నేనే ఊరుకున్నాను. దేవుడు దీన్ని ఎలా రాసుకుంటాడో ఆయన ఇష్టం.

మొత్తం రాసుకుని నా సంతకం తీసుకున్నారు. పిలిస్తే రావాలన్నారు. అమర్‌ని పూర్తిగా వదలాలంటే నువ్వు రాసిచ్చిన ఫిర్యాదు నువ్వే వెనక్కి తీసుకోవాలట. ఈ ఉత్తరం చూసిన రోజే రాసి పంపు. దీనికి నీ జవాబు కోసం ఆగను, నువ్వు పంపుతావని నాకు తెలుసు.

అమర్ ఏమన్నాడని అడుగుతావు. బయటికి వచ్చి పంపు భుజానికి ఎత్తుకున్నాడు. మీ బాబాయి టీ ఇప్పించబోతే వద్దన్నాడు. నా వైపు చూసి, "ఇతనే దిన్ ఆవాజ్ కహా థీ, చాచీ" అన్నాడు. ఇన్నాళ్లు ఈ గొంతు ఎక్కడుందని. అతని చేను మూడొంతుల్లో రెండొంతులు పోయింది. తవ్విన కాసిని దుంపల్ని కూడా విషం చేను దుంపలని జుగ్సలాయి గోదాముల వాళ్లు వద్దంటున్నారట. ఎల్లుండి అతనితో పాటు నేను అక్కడికి వెళుతున్నాను. గోదాం వాళ్ల ముందు మళ్లీ చెప్పాలి. మన జాగాలో దుంపలు ఈసారి అతనివే, తవ్వుకొమ్మన్నాను. గుడికి మొక్కిన వాటిని ఇలా ఇచ్చినందుకు రాముడి ముందు లెంపలు వేసుకున్నాను. అమర్ తీసుకుంటానని అనలేదు, వద్దనీ అనలేదు.

మీ నాన్నగారిని బుధవారం ఇంటికి పంపారు. మన ముందు గదిలోనే మంచం వేశాం. మనిషి సగమయ్యారు. శుక్రవారం మీ బాబాయి డ్యూటీకి వెళ్లాక నేను గుమ్మం దాటి లోపలికి వెళ్లి, మంచానికి దూరంగా నేల మీద కూర్చున్నాను. ఆయన కంగారుపడి గోడ వైపు తిరిగారు. "బావగారూ" అన్నాను. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి. ఆ తర్వాత ఆపకుండా అంతా చెప్పాను. చెంబు, గుడ్డ, గుమ్మం, పొయ్యితో చెప్పిన మాట. నీ పేరు తప్ప అన్నీ చెప్పాను. నీ పేరు ఆయన అడగలేదు.

కోపమొచ్చిందనుకున్నాను. గోడనే చూస్తూ అన్నారు.

"నాకు తెలుసమ్మా నువ్వక్కడున్నావని. గాజులు గలగలమన్నాయి, ఇన్నాను. ఏటో సెప్పబోతన్నావని కూడా అనిపించింది. తమ్ముడి పెళ్లాం గుమ్మంలో ఉంటే అటు సూత్తామేటి? తల తిప్పితే బాగుండదని తిప్పనేదు. ఒక్కపాలి తిప్పుంటే నీ మొగం సూసే సెంబు దించేద్దును."

స్మితా, ఇన్ని రోజులూ ఆ గుమ్మంలో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. ఆయన కూడా అక్కడే ఉన్నారు. మజ్జిగ నోట్లో పడగానే రుచి తేడాగా ఉందట. కానీ మరదలు పెట్టిన పారణ వదిలేస్తే నేను బాధపడతానని బలవంతంగా తాగారట.

"ఇది పాపకి సెప్పకు. సదువుకున్న పిల్ల, ఇంటే నవ్వుతాది, లేపోతే ఏడుత్తాది" అన్నారు. నేను సరేననలేదు. ఆయనకి చెప్పాల్సింది చెప్పాను, నీకు చెప్పాల్సింది రాస్తున్నాను. ఆ మందు నేర్పిన బరువొక్కటే నువ్వు మొయ్యి, మిగతాది నాదీ ఆయనదీ. కరపత్రం సంగతి మీ సంస్థలో నువ్వే నోటితో చెప్పు. నాన్నగారికి ఎప్పుడు చెప్పాలో కూడా నువ్వే చూసుకో. మిగిలిన తొమ్మిది ఇళ్లూ పూర్తయ్యాయా? ముందు అది చెయ్యి.

నిన్న పొద్దున్న గంజి గ్లాసు ఆయన మంచం పక్కన పెట్టి వెనక్కి తిరిగాను. ఆయన ముట్టుకోలేదు. "అమ్మణ్ణీ, ఏటిది?" అన్నారు. నా పేరు ఆయన నోట విన్నది అదే మొదలు. "గంజి, బావగారూ. ఉప్పు వెయ్యలేదు" అన్నాను. "ఇనబడనేదు" అన్నారు. గట్టిగా చెప్పాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని తాగారు.

ఈ కాగితాలు చింపకు. నువ్వు రాసినవి నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి, నేను రాసినవి నువ్వు దాచు. ఎవరికీ చూపించకు. మీ నాన్నగారికి అసలే వద్దు. ఆయన తల తిప్పని సంగతి నీకు తెలుసని ఆయనకి తెలియకూడదు.

నీ పిన్ని,
అమ్మణ్ణి